సగటున మంచివాడు

యోఖెన్ చెత్తడబ్బా బయట పెట్టాడంటే ఆ సంగతి వీధి మొత్తానికి తెలియాల్సిందే. మూత ఎత్తేటప్పుడు ఒకసారి, "సిల్కె, చెత్త తీసుకెళ్తున్నా!" అని. మెట్లు దిగుతూ కింది వాటాలో ఉండే తల్లికి ఒకసారి. గేటు దగ్గర ఎదురింటాయనకి ఇంకోసారి. తిరిగొచ్చి వంటింటి గుమ్మంలో చేతులు దులుపుకుంటూ "అయిపోయింది" అని నిలబడతాడు. అప్పుడు భార్య సిల్కె థాంక్స్ చెప్పాలి. చెప్పేదాకా గుమ్మంలోంచి కదలడు. ఈలోపు పొయ్యిమీద పాలు పొంగిపోతాయి.

ఆ వారం మెట్లు ఊడ్చే వంతు వాళ్ళది. స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఊళ్ళలో వంతు వచ్చిన ఇంటి తలుపుకి చిన్న చెక్కబిళ్ళ తగిలిస్తారు. అది దిగేలోపు మెట్లూ గుమ్మమూ ఇంటి ముందు కాలిబాటా మెరిసిపోవాలి. సిల్కె చీపురు పట్టుకుని సగం మెట్లు దిగేసరికి యోఖెన్ పైనుంచి, "అయ్యో, నేను చేద్దామనే అనుకుంటున్నా. నువ్వే తొందరపడ్డావు" అన్నాడు. అత్తగారు హెడ్‌విగ్ తలుపు సందులోంచి తొంగి చూసింది.

"ఆ మూల వదిలేశావమ్మాయ్. పోనీలే. నిన్న మావాడు నాలుగు మెట్లు ఊడ్చాడు, చూశావా? ఈ రోజుల్లో అలాంటి మగాడు ఎక్కడ దొరుకుతాడు! సగటున చూస్తే మావాడు బంగారం."

సగటు అనే మాటతో సిల్కెకు ఉన్న గొడవ ఇంటిది మాత్రమే కాదు, ఉద్యోగానిది కూడా. ఇనపరేకులను వంచే ప్రెస్సులకు కంప్యూటర్లు ఉంటాయి. వాటి అట్టడుగున, ఏ పని ముందు, ఏ పని వెనక అని తేల్చే కెర్నల్ అనే ప్రోగ్రాం ఆమె బాధ్యత. సినిమా చూపించే కెర్నల్ కాస్త ఆలస్యం చేస్తే బొమ్మ ఆగుతుంది, చూసేవాళ్ళు ఉసూరుమంటారు, అంతే. దాన్ని సాఫ్ట్ రియల్ టైమ్ అంటారు. ప్రెస్సు కిందికి చెయ్యి వచ్చిందని తెలిశాక యంత్రాన్ని ఆపాల్సిన కెర్నల్ అంతే ఆలస్యం చేస్తే వేళ్ళు మిగలవు. అక్కడ కావలసింది హార్డ్ రియల్ టైమ్. అక్కడ సగటు ఎవరూ అడగరు. లక్షసార్లు వేళకు ఆగి ఒక్కసారి ఆగకపోతే, ఆ ఒక్కసారే లెక్క. ఆ లెక్కన ఇంట్లో హార్డ్ ఎవరో, సాఫ్ట్ ఎవరో సిల్కె ఎప్పుడో తేల్చుకుంది. పిల్ల జ్వరం, డాక్టరు దగ్గర వేళ, బడి మూసేసే వేళ, ఇవన్నీ ఆమెవి. "చూద్దాంలే" అనేది అతనిది. చెడ్డవాడు కాదు. రాత్రి ఆమె కాళ్ళు చల్లగా ఉంటే అడక్కుండానే తన కాళ్ళ మధ్య పెట్టుకుంటాడు. ఆ మేలు ఆమె మరిచిపోయేది కాదు. కానీ చల్లబడ్డ కాళ్ళకు గడువుండదు కదా.

విచిత్రం ఏమిటంటే ఆఫీసులో మాత్రం ఆమెనే సాఫ్ట్ అంటారు. గతసారి ప్రెస్సు పరీక్ష మధ్యలో బడి నుంచి ఫోను వస్తే పరిగెత్తింది. అప్పటినుంచి మేనేజరు క్నోల్ గారికి కాఫీ యంత్రం దగ్గర అదే జోకు. "సిల్కె గారు సాఫ్ట్ రియల్ టైమ్ మనిషి. సగటున వస్తారు!" అందరితోపాటు తనూ నవ్వింది. నవ్వానెందుకా అని ఇంటికి వెళ్ళేదాకా ఆలోచించింది.

ఇప్పుడు గురువారం, మళ్ళీ పరీక్ష. ప్రెస్సు కొనేవాళ్ళ ఫోర్‌మన్ స్వయంగా వస్తాడు. "ఇది నెగ్గితే కెర్నల్ బాధ్యత మొత్తం మీదే. మధ్యలో వెళ్ళారంటే ఇంకొకరిని చూసుకోవాలి" అన్నారు క్నోల్ గారు.

పొద్దున యోఖెన్‌కు గుర్తు చేసింది, పిల్లని బడి నుంచి తేవాలని.

"తెస్తానన్నానుగా! నన్ను నమ్మవా ఏంటి?"

"సగటున నమ్ముతాను" అంది సిల్కె.

వేలు బదులు సాసేజి పెట్టి చేస్తారు ఆ పరీక్ష. మధ్యాహ్నం దాకా ప్రెస్సు ప్రతి సాసేజికీ పైనే బుద్ధిగా ఆగింది. ఆ తర్వాత ఒకటి అప్పడంలా అయిపోయింది.

"ఇది ఎవరి వేలండీ?" అన్నాడు ఫోర్‌మన్.

"సగటు చూడండి, సగటు! అద్భుతంగా ఉంది!" అన్నారు క్నోల్ గారు.

"అంటే మావాళ్ళకి సగటున తొమ్మిదిన్నర వేళ్ళుంటే చాలంటారా?"

సిల్కె అప్పటికే ఆ క్షణాన్ని వెతికి పట్టుకుంది. సాసేజి నలిగిన క్షణంలో కెర్నల్ ఒక నెమ్మది తీగ గుండా తెరకు ఒక మాట పంపుతోంది. పంపడం అయ్యేదాకా ఇంకే పనినీ, యంత్రాన్ని ఆపమన్న కబురును కూడా, లోపలికి రానివ్వలేదు. ఆ మాట: 'అంతా సవ్యంగా ఉంది.' అది క్నోల్ గారు పట్టుబట్టి పెట్టించిన వాక్యం. తెరమీద ఏదో ఒకటి కదలకపోతే మనం పనిచేస్తున్నట్టు వచ్చినవాళ్ళకి ఎలా తెలుస్తుంది అని ఆయన బాధ. సిల్కెకు నవ్వు ఆగలేదు. చెత్తడబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ యోఖెన్ కళ్ళముందు కనిపించాడు. చెప్పుకోవలసినవన్నీ ఒక మూల పడేసి, పనులన్నీ అయ్యాక తీరిగ్గా చెప్పుకునే పద్ధతి ఆమె ఎప్పుడో రాసింది. అప్పట్లో వద్దన్నది కూడా క్నోల్ గారే. ఈసారి ఎవర్నీ అడగకుండా దాన్ని పెట్టింది. ప్రెస్సు మళ్ళీ ఆగడం మొదలుపెట్టింది.

"సాయంత్రం దాకా ఇలాగే ఆగితే సంతకం పెడతా" అన్నాడు ఫోర్‌మన్, కుర్చీ లాక్కుని.

అప్పుడు మోగింది ఫోను. బడి టీచరు.

"మీ పాప ఒక్కతే మిగిలిందండీ. వస్తున్నారా?"

సిల్కె చెయ్యి అలవాటుగా కోటు మీదికి పోయింది. క్నోల్ గారు అటే చూస్తున్నారు.

"వాళ్ళ నాన్నకి చేశారా?"

"లేదండీ. ఆయనకి అత్యవసరమైతేనే చెయ్యమన్నారు."

"మరి నాకు?"

"మీకు ఎప్పుడైనా చెయ్యొచ్చన్నారు."

"ఎవరన్నారు?"

"ఆయనే."

కోటు మీదనుంచి చెయ్యి తీసేసింది. "ఇప్పుడు ఆయనకి చెయ్యండి. ఎత్తేదాకా చెయ్యండి. ఇకమీదట కూడా మొదట ఆయనకే."

"ఈ మాట ఏ తల్లయినా అంటుందేమోనని ఎన్నేళ్ళుగానో చూస్తున్నానండీ" అంది టీచరు. "కంగారు పడకండి. ఇద్దరం బొమ్మలు వేసుకుంటున్నాం."

కాసేపటికి యోఖెన్ నుంచి ఫోను. "ఆ టీచరు నాకు చేసింది! నాకు! నేను వస్తూనే ఉన్నాను కదా. పిల్లని తేవడానికి ఆఫీసు నుంచి ముందే వచ్చేశానని అమ్మకి చెబుదామని ఆగా. అమ్మ కేకు కోసింది."

వెనక నుంచి హెడ్‌విగ్ గొంతు: "ఇంకో ముక్క తినిపో నాయనా! ఎంత కష్టపడుతున్నావో!"

"నువ్వు వెళ్ళలేవా, సిల్కె?"

"లేదు."

ఇదివరకైతే ఆ మాట వెనక నాలుగు కారణాలు, ఒక క్షమాపణ ఉండేవి. అతను వాటికోసమే ఎదురుచూస్తున్నట్టున్నాడు. ఎంతసేపటికీ రాలేదు. ప్లేటు బల్లమీద పెట్టిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు వినిపించాయి.

క్నోల్ గారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "ఇంట్లో ఏదైనా అర్జెంటా? వెళ్ళాలా?"

"అర్జెంటేనండీ. వాళ్ళ నాన్న వెళ్తున్నాడు" అంది సిల్కె. "ఆ సాసేజి ఇలా అందించండి."