ఖర్చు రాసేసిన మిషన్లు

మధ్యాహ్నం రెండు కాగానే పెద్దకోడలికి తలనొప్పి వచ్చేది. మూడున్నరకల్లా తగ్గిపోయేది. నెల రోజులుగా ఇదే వరస. మొదట్లో అత్తగారు మందు సీసా పట్టుకుని గది తలుపు దగ్గర నిలబడేవారు. రానురాను ఆవిడకీ అలవాటైపోయి, పొద్దస్తమానం లెక్కలు చూసి చూసి పాపం దాని బుర్ర వేడెక్కిపోతోందని ఇంటికొచ్చినవాళ్ళకు చెప్పడం మొదలుపెట్టారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా పెద్దకోడలు గదిలోపల ఫోను శబ్దం ఇంకాస్త తగ్గించుకునేది.

ఆవిడ పడుకోవడం లేదు. మంచం మీద మఠం వేసుకుని కూర్చుని, ఒళ్ళో దిండు, దిండు మీద నోటుపుస్తకం పెట్టుకుని ఫోనులో అకౌంటింగ్ పాఠాలు వింటోంది. అవీ మొట్టమొదటి పాఠాలు. ఓనమాలన్నమాట.

నలభై ఏడేళ్ళ మనిషి చదువుకుంటే తప్పేమీ లేదు. బొమ్మలు వేయడమో, కొత్త భాషో అయితే ఇంటిల్లిపాదికీ చెప్పుకునేది. కానీ ఇవి లెక్కలాయె. ఆ ఇంటి కుట్టు దుకాణం లెక్కలు ఇరవై రెండేళ్ళుగా ఆవిడ చేతి మీదుగానే నడుస్తున్నాయి. స్కూలు యూనిఫారాలు, ఆసుపత్రి కోట్లు, హోటలు వాళ్ళ ఏప్రన్లు, ఎవరు ఎన్ని జతలు చెప్పారు, ఎంత అడ్వాన్సు ఇచ్చారు, ఇంకెంత రావాలి, అన్నీ ఆవిడ నోటి మీదే ఉండేవి. దుకాణంలో ఆవిడను అందరూ కంప్యూటరు అనేవారు. కటింగ్ మాస్టారు గుండీల డబ్బా కనపడకపోయినా కంప్యూటరునే అడిగేవాడు. అలాంటి మనిషి ఆస్తి అంటే ఏమిటి, అప్పు అంటే ఏమిటి అని తన కూతురి వయసు పిల్ల దగ్గర కూర్చుని నేర్చుకుంటోందంటే నలుగురిలో తలెత్తుకోవడం ఎలా?

అసలు సంగతి బ్యాంకులో మొదలైంది. లోను కోసం వెళితే కౌంటరు అవతల కూర్చున్నావిడ బ్యాలెన్స్ షీటు అడిగింది. పెద్దకోడలు తన పుస్తకం తీసి ధీమాగా ముందు పెట్టింది. ఆమె నాలుగు పేజీలు తిప్పి, మర్యాదగానే చెప్పింది. ఇందులో వచ్చిందీ పోయిందీ ఉంది గానీ, మీకేముందో ఎక్కడా లేదండీ అంది. భర్త పక్కనే ఉన్నాడు. ఆయనకు అర్థం కాలేదు గనక బతికిపోయింది.

హాస్టల్లో ఉన్న కూతురికి ఒక్కదానికే ఆ సంగతి చెప్పుకుంది. ఆ పిల్లే ఆన్‌లైన్‌లో ఈ కోర్సు వెతికి, తన మెయిలుతో చేర్పించింది. దాంతో ఇంకో చిక్కొచ్చిపడింది. వారం వారం పెట్టే పరీక్ష మార్కులు తల్లి కంటే ముందు కూతురికి తెలిసిపోయేవి.

"అమ్మా, పదికి నాలుగు," అంది కూతురు మూడోవారం ఫోను చేసి.

"నెట్టు సరిగ్గా లేదే."

"నెట్టు లేకపోతే అసలు మార్కులే రావమ్మా. తక్కువ మార్కులు రావు."

తప్పిన వాటిలో ఏడో ప్రశ్న ఆవిడకు మింగుడు పడలేదు. ఒక బేకరీ ఎనభై వేలు నగదు పెట్టి పొయ్యి కొంది. బేకరీ మొత్తం ఆస్తి పెరిగిందా, తగ్గిందా, మారలేదా? ఇదీ ప్రశ్న. ఎనభై వేలు చేతిలోంచి పోయాక తగ్గక ఏమవుతుంది? క్షణం ఆలోచించకుండా తగ్గిందని నొక్కింది. ఎర్రగీత పడింది. మారలేదట. వీళ్ళు పిల్లలకు ఇవేనా చెప్పేది అని విసుక్కుంటూ ఆ పాఠం మళ్ళీ పెట్టింది.

పాఠం చెప్పే పిల్ల జుట్టు ముడి వేసుకుని, చేతిలో నీలం మార్కరుతో బోర్డు ముందు నిలబడింది. పొయ్యి బొమ్మ గీసింది. గీసి, ఇటు తిరిగి, డబ్బు ఖర్చయిపోలేదు, పొయ్యిగా మారి అక్కడే కూర్చుంది, ఇంకా రొట్టెలు కాలుస్తూనే ఉంది కదా అంది.

పెద్దకోడలు వేలు ఫోను మీదే ఆగిపోయింది. ఇలాంటి మాటే ఆవిడ ఇదివరకు ఒకసారి విన్నది. చెప్పింది ఈ పిల్ల కాదు. తోడికోడలు.

ఆరేళ్ళ కిందటి మాట అది. దుకాణం రాబడి రెండు కుటుంబాలకు చాలడం లేదని అన్నదమ్ములు విడిపోదామనుకున్నారు. గొడవలేమీ లేవు. మరిది తన వాటా పట్టుకుని వేరే ఏదైనా చూసుకుంటానన్నాడు. ఒక ఆదివారం దుకాణం తలుపులు మూసి, కటింగ్ టేబుల్ చుట్టూ అందరూ కూర్చున్నారు. అత్తగారు, అన్నదమ్ములిద్దరూ, ఇద్దరు కోడళ్ళు, పెద్దమనిషిగా కటింగ్ మాస్టారు. పెద్దకోడలు పుస్తకం తెరిచి చదివింది. చేతిలో ఉన్న నగదు ఇంత, అరల్లో గుడ్డ ఇంత, రావలసిన బాకీలు ఇంత, గుడ్డల మిల్లుకు ఇవ్వాల్సింది ఇంత. తీసేయగా మిగిలినదాంట్లో సగం మరిదిది. ఆ సగం ఏమంత పెద్ద మొత్తం కాదు. మరిది తలూపాడు. వదిన లెక్క వేసిందంటే అతని దృష్టిలో దానికి ఇంక తిరుగులేదు.

అప్పుడు చిన్నకోడలు నెమ్మదిగా నోరు విప్పింది. "మరి ఈ ఏడే కొన్న మిషన్ల సంగతేంటక్కా? అవి ఇక్కడే ఉన్నాయిగా, కుడుతూనే ఉన్నాయిగా."

ఆ మిషన్ల ధర మొత్తం కొన్ననాడే ఖర్చు కింద రాసేసి ఉంది. పుస్తకంలో వాటి కథ ముగిసిపోయింది. పుస్తకంలో లేనిదాన్ని పంచడమేమిటి? పెద్దకోడలు అదే చెప్పి ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ నలుగురి ముందు తన లెక్కకు వంక పెట్టినట్టనిపించి, ఒళ్ళు మండింది.

"ఖర్చు రాసేశాక ఇంకా ఉన్నాయంటావేమిటి? లెక్కలు రానివాళ్ళు మధ్యలో తలదూర్చకూడదు. నువ్వు కాజాలు కుట్టుకో, చాలు."

కటింగ్ మాస్టారు పకపకా నవ్వాడు. ఆయన నవ్వాడని అత్తగారూ నవ్వారు. చిన్నకోడలు కొంగు చివర చూసుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత ఇంక నోరెత్తలేదు.

ఇప్పుడు మంచం మీద కూర్చుని తలుచుకుంటే, ఆ నవ్వు కాదు ఆవిడను కాల్చింది. ఇంకొకటుంది. ఆ ప్రశ్న విన్న క్షణాన, కుడుతూనే ఉన్నాయిగా అన్న మాట దగ్గర, లోపల ఎక్కడో చిన్న దడ పుట్టింది. ఇదేదో ఒకసారి ఆగి చూడాల్సిన సంగతి అనిపించింది. చూడాల్సి వస్తుందనే గొంతు పెంచింది. తెలియక చేసిన తప్పయితే ఏదోలా సర్దుకోవచ్చు. ఆ దడ తనకు తెలుసు. ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు గానీ తెలుసు.

ఆ సాయంత్రం దుకాణానికి వెళితే ఆ రెండు మిషన్లూ గోడవార కటకటమంటూ నడుస్తున్నాయి. ఒకదాని దగ్గర స్కూలు చొక్కాల కాలర్లు, రెండోదాని దగ్గర కోట్ల అంచులు. ఆవిడ వాటివైపు చూడకుండా వెళ్ళి తన స్టూలు మీద కూర్చుంది.

మర్నాడు భర్తకు చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. అంతా విని, గడ్డం గోక్కుని, ఇప్పుడెవరడిగారని అన్నాడు. ఆరేళ్ళయిపోయింది, వాళ్ళ బతుకు వాళ్ళు బతుకుతున్నారు, మానుతున్న పుండు కెలకడమెందుకన్నాడు. అయినా నువ్వు తప్పు రాశావని తెలిస్తే రేపు మన పుస్తకాన్ని ఎవరు నమ్ముతారని కూడా అన్నాడు. ఆవిడ సరేనంది. సరేననగానే ప్రాణం హాయిగా అనిపించింది. ఆ హాయి నాలుగు రోజులు నిలిచింది. ఆ నాలుగు రోజుల్లో తరుగుదల పాఠం, అంటే వాడేకొద్దీ వస్తువు విలువ ఏటా ఎంత తగ్గుతుందన్నది కూడా విని, పరీక్ష రాసింది. పదికి తొమ్మిది.

"అమ్మా, ఇరగదీశావు," అంది కూతురు. "పిన్నికి కూడా చెప్పనా? సంతోషిస్తుంది."

"వద్దు," అంది తల్లి. అన్న తీరుకు కూతురు మాట మార్చి హాస్టలు భోజనం సంగతి ఎత్తుకుంది.

మర్నాడు రెండు గంటలకు పెద్దకోడలికి తలనొప్పి రాలేదు. నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, మిషన్ల ధర, కొన్న నెల, విడిపోయేనాటికి అయిన తరుగుదల, మిగిలిన విలువ, అందులో సగం, వరసగా రాసుకుని చెప్పులేసుకుంది. తన పేరున ఒక డిపాజిట్టు ఉంది. ఆ సగానికి అది సరిపోతుంది. భర్తతో తర్వాత మాట్లాడుకోవచ్చు.

చిన్నకోడలు పెద్ద బట్టల షాపులో ఆల్టరేషన్ల దగ్గర పనిచేస్తోంది. షాపు వెనక ఇస్త్రీ ఆవిరితో నిండిన చిన్న గది. కిటికీ లేదు. ట్యూబులైటు కింద ఆమె పెదవుల మధ్య నాలుగు గుండుసూదులు పట్టుకుని ఒక ప్యాంటు కాలు మడుస్తోంది. అక్కను చూసి కళ్ళతోనే కూర్చోమంది. కూర్చోవడానికి ఇంకో స్టూలు లేదు.

పెద్దకోడలు నిలబడే చెప్పింది. బేకరీ పొయ్యితో మొదలుపెట్టి అడ్డదిడ్డంగా ఎక్కడెక్కడికో పోయి, చివరికి ఆ ఆదివారానికి వచ్చింది. చిన్నకోడలు ఒక్కొక్క సూదీ తీసి గుడ్డకు గుచ్చుతూ విన్నది. నోరు ఖాళీ అయ్యాకే మాట్లాడింది.

"నేను లెక్క చెప్పలేదక్కా ఆవేళ. కంటికి కనపడింది చెప్పాను."

"తెలుసు."

"డబ్బు సంగతి అటుంచు. ఆ మాట ఈయన పట్టేసుకున్నాడు. నీకు లెక్కలు రావు, వదినే అంది, ఊరుకో అంటాడు. పాత కార్ల వ్యాపారమని స్నేహితుడు వచ్చాడు చూడు, వాడెప్పుడూ అమ్ముడుపోయిన కార్ల గురించే చెప్పేవాడు. పోనివి ఎన్ని పడున్నాయో చెప్పేవాడు కాదు. నాకు అనుమానం వచ్చింది. అడగబోయి ఊరుకున్నాను. నాకు లెక్కలు రావు కదా అనుకున్నాను." ఆమె ప్యాంటు తిరగేసింది. "ఉన్నదంతా అందులో పెట్టాం, పోయింది. నీకు తెలిసిందేగా."

పోయిందని తెలుసు. ఇలా పోయిందని తెలియదు. మరిది తొందరపాటు మనిషి అని అప్పట్లో తను పదిమందితో అన్నది కూడా. పెద్దకోడలికి ఆ గదిలో ఎక్కడ చూడాలో తెలియలేదు. గోడకు వేలాడుతున్న చీటీలు కట్టిన ప్యాంట్లను చూస్తూ నిలబడింది.

"ఏం చేయమంటావో చెప్పు," అంది చివరికి.

"ఆరింటికి ఈయనొస్తాడు నన్ను తీసుకెళ్ళడానికి. ఆయనతో చెప్పు. నాతో ఎందుకు?"

ఆరింటిదాకా పెద్దకోడలు అక్కడే ఉంది. ఊరికే నిలబడలేక రెండు ప్యాంట్ల కుట్లు విప్పి పెట్టింది. మరిది వచ్చి వదినను చూసి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడ్డాడు. కాదని తెలిశాక కుదుటపడ్డాడు. సంగతి విన్నాక నవ్వేశాడు.

"ఎండలో వచ్చావా వదినా? నీ లెక్క తప్పడమేమిటి?"

"తప్పింది."

"పోనీలే. నేనెప్పుడైనా అడిగానా నిన్ను?"

"నువ్వడగలేదు. తనడిగింది. అడిగితే నోరు మూయించాను. ఆవేళ లెక్కలు రానిది నాకు. తనకు కాదు."

మరిది ఇంకా నమ్మలేదు. వదిన దేనికో బాధపడుతోంది, ఊరడించాలి అన్నట్టు చూస్తున్నాడు. తన గొప్ప ఇంతగా పాతుకుపోయిందని, దాన్ని పీకడానికి ఇంత తంటా పడాల్సి వస్తుందని ఆవిడ అనుకోలేదు. ఇస్త్రీ బల్ల మీద కాగితం పరిచి, మరిది చేయి పట్టుకుని బల్ల దగ్గరికి లాగింది. మొదటి నుంచి చెప్పింది. డబ్బు మిషనుగా మారింది, మిషను గోడవార నిలబడింది, నిలబడ్డదాన్ని నేను లేదన్నాను. మధ్యలో అతను అలా అయితే అని అడ్డు వచ్చాడు. ఆవిడ మళ్ళీ మొదటికి వెళ్ళింది. మూడోసారికి అతని మొహంలో నవ్వు పోయింది. కాగితం చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. భార్య వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కాగితం ఆమెకిచ్చాడు.

"నువ్వు చూడు," అన్నాడు. "సరిగ్గా ఉందేమో."

చిన్నకోడలు చేతులు తుడుచుకుని కాగితం తీసుకుంది. తొందరపడలేదు. ఒక్కొక్క వరస మీద వేలు పెట్టి చదివింది. పెద్దకోడలు పక్కన నిలబడి ఆ వేలినే చూస్తోంది.

"రెండే రాశావేంటక్కా?"

"రెండే కదా కొన్నాం."

"మూడు. కాజా మిషను కూడా ఆ ఏడాదే వచ్చింది. నేను కుట్టేదాన్నిగా దాని మీద."

నిజమే. కాజా మిషను అసలు గుర్తే రాలేదు. పెద్దకోడలికి చెవుల దాకా వేడెక్కింది. మరిది ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆవిడ సంచీలోంచి పెన్ను తీసి, కాగితం కోసం చేయి చాపింది.

"ఎంతకు కొన్నామో నాకు గుర్తు లేదు," అంది. "నువ్వు చెప్పు, రాస్తాను."