డాబా ఎక్కని మనిషి ఆకాశమెక్కితే

చెరుకు సీజన్ మొదలైతే బోధన్‌లో తెల్లచొక్కా వేసుకోవడం దండగ. ఫ్యాక్టరీ చిమ్నీలోంచి మసి రాలుతుంది. ఉతికి ఆరేసిన చొక్కా మీద నల్లనువ్వులు చల్లినట్టు పడుతుంది. దులిపితే పోదు, గీతలా సాగుతుంది. మళ్లీ ఉతకాలి, మళ్లీ ఆరేయాలి, మళ్లీ మసి. ఎవరితోనైనా మొరపెట్టుకుందామంటే ఊళ్లో సగం మంది ఆ ఫ్యాక్టరీలోనే పనిచేస్తారు. జీవరాజు కూడా అక్కడే టైమ్ ఆఫీసులో గుమస్తా. తన జీతం కూడా ఆ చిమ్నీ పొగతోనే వస్తుందని తెలుసు కనక, ఎంత గొణిగినా ఇంటి గడప లోపలే గొణిగేవాడు.

నిజానికి ఆయనకు గొణిగే హక్కు కూడా లేదు. బట్టలు ఉతికేదీ, డాబా మీద ఆరేసేదీ, దులిపేదీ ఆయన భార్య శారమ్మ. జీవరాజు డాబా ఎక్కడు. ఆ డాబాకు పిట్టగోడ లేదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఎక్కాడు. ఎక్కినవాడు కింద కూచున్నాడు, కూచున్నవాడు పడుకున్నాడు, చివరికి బావమరిది వచ్చి చెయ్యి పట్టుకుని పసిపిల్లవాణ్ణి దింపినట్టు దింపాడు. ఆ తర్వాత ఆయన స్టూలు ఎక్కాల్సి వచ్చినా గోడ పట్టుకునేవాడు.

ఆ బావమరిది పేరు జక్కరయ్య. శారమ్మకు తమ్ముడు. ఎడపల్లిలో ఉంటాడు. టీవీ యాంటీనా గాలికి తిరిగి తెర మీద చీమలు పాకినప్పుడల్లా జక్కరయ్యకు కబురు వెళ్లేది. ఆయన లూనా మీద వచ్చి, డాబా ఎక్కి, వీధంతా వినిపించేలా అరిచేవాడు.

“బావా! వచ్చిందా?”

“రాలే!”

“ఇప్పుడు?”

“వచ్చింది, వచ్చింది... అరె, పోయింది!”

“నువ్వు మీదికి రా, నేను కిందికెల్లి సూస్త!”

ఈ చివరి మాటకు పక్కింటివాళ్లు ప్రతిసారీ నవ్వేవాళ్లు. జోకు పాతదే అయినా యాంటీనాతో పాటు అదీ వీధిలో స్థిరపడిపోయింది. తర్వాత జక్కరయ్య దిగి, కోడికూర తిని, వెళ్లిపోయేవాడు. ఎంత సరిచేసినా బొమ్మ పూర్తిగా రాదు. వార్తల మధ్యలో ఒక్కోసారి టీవీ మరాఠీ మాట్లాడేది. మహారాష్ట్ర పక్కనే కదా, మామూలే అనుకునేవారు.

ఆ ఏడు ఫ్యాక్టరీ రిక్రియేషన్ క్లబ్బు వార్షికోత్సవానికి హైదరాబాద్ నుంచి సాహసక్రీడల వాళ్లను పిలిచారు. పారాచూట్ తెస్తారట. దానికి పొడుగాటి తాడు కట్టి జీపుతో లాగితే మనిషి గాలిలోకి లేస్తాడు. బాగా పైకి పోయాక తాడు వదిలేస్తారు. అక్కణ్ణించి విమానంలోంచి దూకినవాడిలాగే దిగడం. విమానం ఖర్చు మిగులుతుంది.

క్లబ్బు కార్యదర్శి అబ్దుల్ రహీం టైమ్ ఆఫీసు ముందు నిలబడి పేర్లు అడుగుతున్నప్పుడు జక్కరయ్య అక్కడే ఉన్నాడు. చెరుకు బండి తూకానికి వచ్చి, బావ దగ్గర చాయ్ తాగిపోదామని ఆగాడు.

“రహీం సాబ్, మా బావ పేరు రాసుకోండ్రి,” అన్నాడు. “పడుకొని ఎగిరే సౌలత్ ఉంటె.”

ఆఫీసంతా నవ్వింది. జీవరాజు నవ్వలేదు. “రాసుకోండ్రి,” అన్నాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆయన కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

“నిజంగనా జీవరాజు భాయ్?” అన్నాడు రహీం.

“మొదటి పేరు నాదే రాయిండ్రి.”

జక్కరయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “ఇగో, అందరు ఇనుండ్రి. మా బావ గాలిలకు లేసిండంటె నేను ఆ యాంటీనా ముట్ట. కోడికూర అడగ. సచ్చేదాంక డాబా మాట ఎత్త. లేవలేదో, ఏటా క్రిస్మస్ నాడు చర్చిల సంఘమంత ఉన్నప్పుడు ఆ డాబా కత చెప్త.”

బోధన్‌లో మనిషికి ఉద్యోగం పోయినా ఇంకోటి దొరుకుతుంది. సంఘంలో పరువు పోతే వచ్చే క్రిస్మస్ దాకా ఆగాలి, అప్పుడు మళ్లీ పోతుంది.

శారమ్మకు సంగతి సాయంత్రానికల్లా తెలిసింది. ఆమె గొడవ చేయలేదు. జీవరాజును ఎదురుగా కూచోబెట్టుకుంది.

“నువ్వు ఎగరనని ఒట్టు పెట్టు.”

“బైబిల్ల ఒట్టు పెట్టుకోవద్దని ఉన్నది గద,” అన్నాడు జీవరాజు తెలివిగా.

“అందుకే బైబిల్ మీద పెట్టుమంటలేను. నా నెత్తి మీద పెట్టుమంటున్న.”

జీవరాజు పెట్టాడు. నిజం చెప్పాలంటే సంతోషంగానే పెట్టాడు. అసలు ఆయనకు ఎగిరే ఉద్దేశం లేదు. పట్టీలు కట్టించుకుంటాడు, హెల్మెట్ పెట్టుకుంటాడు, ఫోటో తీయించుకుంటాడు. ఆ వెంటనే నొప్పని కడుపు పట్టుకుంటాడు. ఫోటో హాల్లో గోడకు ఉంటుంది. చూసినవాళ్లు ఎగిరాడనే అనుకుంటారు, ఎగిరావా అని ఎవరూ అడగరు. పక్కవాళ్ల కారుకు ఆనుకుని ఫోటో దిగినవాళ్లను ఎవరైనా అడిగారా?

వార్షికోత్సవం నాడు మైదానం నిండిపోయింది. పొద్దున హైదరాబాద్ శిక్షకుడు స్వయంగా ఒకసారి ఎగిరి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఉపన్యాసాలు మొదలయ్యాయి. ముఖ్య అతిథి చెరుకు పంట గురించి, క్రమశిక్షణ గురించి, మళ్లీ చెరుకు గురించి మాట్లాడాడు. ఆ మధ్యలో షామియానా వెనక గుండిగల మూతలు తీశారు. బగారన్నం, మటన్. వాసన వేదిక మీదుగా వచ్చింది. ముఖ్య అతిథి క్రమశిక్షణ దగ్గరే ఆపేశాడు.

జీవరాజుకు పట్టీలు కట్టారు, హెల్మెట్ పెట్టారు. వెనక పారాచూట్‌ను శిక్షకుడి మనుషులు ఇద్దరు దుప్పటిలా పట్టుకున్నారు. తాడు అవతలి కొస వాళ్ల జీపుకు ఉంది. జక్కరయ్య ముందు వరసలో కుర్చీ వేసుకుని కూచున్నాడు. ఆడవాళ్ల వైపు శారమ్మ నిలబడి తన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని చూపించింది. జీవరాజు సరేనని తల ఊపాడు. ఫోటో స్టూడియో అయ్యూబ్ కోసం వెతికాడు. అయ్యూబ్ చెట్టు నీడలో కెమెరాలో రీలు మారుస్తున్నాడు.

“అన్నా, దో మినిట్!” అని అరిచాడు అయ్యూబ్.

సరిగ్గా అప్పుడే రహీం మైకు అందుకున్నాడు.

“భోజనాలు తయారైనయి. మొదటి బంతి వాళ్లు కూసోవాలె.”

ఈ ప్రాంతంలో విందు తిన్నవాళ్లకు ఈ మాట అర్థం చెప్పక్కర్లేదు. మొదటి బంతికి ముక్కలు, రెండో బంతికి చీకడానికి బొక్కలు, మూడో బంతికి పులుసు. మైదానం ఒక్కసారిగా లేచింది. కుర్చీలు పడ్డాయి. ముఖ్య అతిథి దండ తీయకుండానే నడిచాడు. జక్కరయ్య కుర్చీ ఖాళీ. ఆడవాళ్ల వైపు ఖాళీ. జీపు డ్రైవరు అద్దంలో జనాన్ని చూశాడు. అతనూ మనిషే. ఈ పని ఎంత తొందరగా ముగిస్తే అంత మంచిదనుకుని గేరు వేశాడు.

“భాగో! భాగో!” అన్నాడు వెనకనుంచి శిక్షకుడు.

“ఫోటో... ఫోటో కాలే...” అన్నాడు జీవరాజు. అప్పటికే పరుగెత్తుతున్నాడు. తాడు లాగుతుంటే పరుగెత్తక ఏం చేస్తాడు? కొద్దిసేపట్లో కాళ్లు పరుగెత్తుతూనే ఉన్నాయి, కింద నేల మాత్రం లేదు. కుడికాలి బూటు జారి ఎటో పోయింది.

కడుపు పట్టుకుందామన్న పథకం గుర్తొచ్చింది. కానీ చేతులు పట్టీలను వదల్లేదు. కళ్లు మూసుకుని కీర్తన మొదలుపెట్టాడు. పల్లవి దాటాక రెండో చరణం గుర్తురాక కళ్లు తెరిచాడు.

అంతలో తాడు వదిలేశారు. జీపు చప్పుడు ఆగింది. మైకు ఆగింది. జీవరాజు జీవితంలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. చిత్రమేమిటంటే భయం వేయలేదు. డాబా మీద భయపడటానికి అంచు ఉంటుంది. ఇక్కడ అంచే లేదు. కింద చెరుకు తోటలు రుద్రూర్ వైపు పచ్చగా పోతున్నాయి. చిమ్నీ మొదటిసారి తనకంటే చిన్నగా కనిపించింది. దాని మసి ఎటు పోతుందో చూశాడు. సూటిగా తన ఇంటికే పోతోంది.

ఇల్లు గుర్తుపట్టాడు. డాబా మీద శారమ్మ పసుపు దుప్పటి, తన తెల్లచొక్కాలు. వాటి పక్కన యాంటీనా. జీవరాజు మెడ తిప్పి కాలనీ మొత్తం చూశాడు. మళ్లీ తన డాబా చూశాడు. ఊళ్లోని యాంటీనాలన్నీ తూర్పుకు, నిజామాబాద్ వైపు ఉన్నాయి. తన ఇంటిది ఒక్కటే పడమటికి తిరిగి, మహారాష్ట్ర వైపు చూస్తోంది.

ఇన్నేళ్ల కోడికూర ఆయన కళ్లముందు తిరిగింది.

గాలి ఆయన్ను మెల్లగా తీసుకుపోయి, కోసేసిన చెరుకు తోటలో ఎండుటాకుల మీద కూచోబెట్టింది. దగ్గర్లో ఒక చెరుకు బండి. బండివాడు బండి కింద నిద్రపోతున్నాడు. రెండు ఎడ్లు జీవరాజు వైపు చూసి మళ్లీ నెమరు వేసుకున్నాయి. శిక్షకుడు పరుగున వచ్చి పట్టీలు విప్పి, “బహుత్ అచ్ఛా!” అని, పారాచూట్ చుట్టేసి అంతే పరుగున షామియానా వైపు వెళ్లాడు. బూటు దొరకలేదు.

జీవరాజు వెళ్లేసరికి మూడో బంతి.

“ఏమాయె బావా?” అన్నాడు జక్కరయ్య పళ్లు కుట్టుకుంటూ. “పట్టీలు విప్పించుకున్నవా? ఒక బూటు కూడ విప్పించుకున్నట్టున్నవ్!”

విస్తళ్ల ముందున్నవాళ్లంతా నవ్వారు. జీవరాజు నోరు తెరిచాడు. ‘ఎగిరిన’ అనే మాట పళ్లదాకా వచ్చింది. అప్పుడే అవతలి వైపు నుంచి శారమ్మ వచ్చింది. ఆమె ముఖం వెలిగిపోతోంది. కొంగు చాటు నుంచి టిఫిన్ గిన్నె తీసింది. అందులో నాలుగు మంచి ముక్కలు.

“మొదటి బంతిల నీ కోసం తీసిపెట్టిన,” అంది మెల్లగా. “నా మాట నిలబెట్టినవ్.”

జీవరాజు నోరు మూసుకుని ముక్కలు తిన్నాడు. బూటు ఏదంటే, పంక్తి దగ్గర ఎవడో ఎత్తుకుపోయాడన్నాడు. “ఒక్కటే ఎత్కపోయిండా?” అంది శారమ్మ. “దొంగకు ఒంటికాలేమో,” అన్నాడు.

మధ్యాహ్నం గాలి ఎక్కువైందని మిగతా వాళ్లను ఎగరనివ్వలేదు. వాళ్లంతా చాలా బాధపడ్డట్టు ముఖాలు పెట్టి ఇళ్లకు పోయారు. సాహసక్రీడల వాళ్లు సాయంత్రమే హైదరాబాద్ వెళ్లిపోయారు. ఊరి లెక్క ప్రకారం జీవరాజు ఎగరలేదు.

ఆ సాయంత్రం శారమ్మకు తలనొప్పి వచ్చింది. ఎండలో నిలబడ్డందుకు అంది ఆమె. జీవరాజుకు అసలు కారణం తెలుసు. తాను ఎగరలేదు, ఎగరేశారు కదా అని లోపల వాదించుకున్నాడు. కానీ శారమ్మ ముందు ఇంతవరకు ఆయన వాదన ఒక్కటీ నిలబడలేదు, ఆమె నెత్తి ముందు ఇది నిలుస్తుందా? అమృతాంజనం తీసి నుదుటికి రాశాడు. మర్నాడు తలనొప్పి లేకపోయినా రాశాడు. ఆమె ఇన్నేళ్ల కాపురంలో లేని ప్రేమ ఎక్కణ్ణించి వచ్చిందా అని అనుమానంగా చూసింది.

ఇక్కడితో అయిపోతే బాగుండు. నిన్న అయ్యూబ్ టైమ్ ఆఫీసుకు వచ్చాడు.

“అన్నా, నువ్వు లేసినప్పుడు నేను ఒక్క ఫోటో కొట్టిన. ఒక చేతిల ప్లేటు, ఒక చేతిల కెమెరా. మస్తుగ వచ్చింది!”

జీవరాజుకు ప్రాణం లేచొచ్చింది. జక్కరయ్య నోటికి తాళం దొరికిందనుకున్నాడు. ఫోటో చేతిలోకి తీసుకుని చూశాడు. కింద నుంచి తీసింది. పైన పారాచూట్, ఆకాశం. మధ్యలో రెండు అరికాళ్లు. ముఖం లేదు. ఎడమకాలికి బూటు. కుడికాలికి మేజోడు, ఆ మేజోడు మడమ దగ్గర శారమ్మ ఎర్రదారంతో వేసిన కుట్టు.

“ఇది నేనే అని ఎట్ల తెలుస్తది?” అన్నాడు.

“నీకు ఎరుక, నాకు ఎరుక. ఇంకేం కావాలె? పెద్ద సైజు చేసి శుక్రవారం నమాజు అయినంక షాపు అద్దంల పెడ్త. కింద ‘మన ఊరి ఆకాశవీరుడు’ అని రాయిస్త. నా దోస్తువి, పైసలు గిట్ల వద్దు!”

జీవరాజు ఇంటికొచ్చి ఆలోచించాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. ఆ ఫోటో చూసి జక్కరయ్య, “ఎవలియో కాళ్లు,” అంటాడు. అనకుండా ఉండడు. ఆ కాళ్లు జీవరాజువని గుర్తుపట్టగలిగిన మనిషి ఈ భూమి మీద ఒక్కరే, ఆ కుట్టు వేసిన మనిషి. ఆదివారం పొద్దున ఆమె చర్చికి పోయేది అయ్యూబ్ దుకాణం ముందునుంచే. ఫోటో వద్దందామంటే, ఉన్న ఒక్క రుజువూ పోతుంది. ముందే భార్యకు చెబుదామంటే, నాలుగు ముక్కలు తిన్న నోటితో ఎలా చెప్పాలి? పోనీ అన్నీ మరిచిపోదామంటే, ఆదివారమే జక్కరయ్య వస్తున్నాడు. టీవీ మళ్లీ మరాఠీ మాట్లాడుతోంది. యాంటీనా తప్పు వైపు పెట్టావురా అని ఒక్క మాట చాలు, వాడి నోరు జన్మలో లేవదు. కానీ డాబా ఎక్కనివాడికి ఆ సంగతి ఎలా తెలిసిందని శారమ్మ అడుగుతుంది. ఆమె తప్పకుండా అడుగుతుంది.

ఈ కథ చెప్పేవాడికి కూడా ఏమీ తోచడం లేదు. ఇవాళ బుధవారం. అయ్యా, అమ్మా, మీలో పెళ్లయినవాళ్లు ఉంటారు, బావమరుదులున్నవాళ్లు ఉంటారు, భార్య నెత్తి మీద చెయ్యి పెట్టి మాట తప్పినవాళ్లూ ఒకరిద్దరు ఉండకపోరు. జీవరాజు ఏం చేస్తే బాగుంటుందో మీకు తోస్తే దయచేసి చెప్పండి. ఆ రోజు కాలికి ఉన్న మేజోళ్లు కాల్చేయమని మాత్రం చెప్పకండి. ఆ పని చేద్దామని వెతికితే, శారమ్మ వాటిని ఉతికి డాబా మీద ఆరేసింది.