రెండు రంగుల మధ్య సందు

నా భార్య పోయి పదకొండు నెలలు. ఆవిడ నోటుపుస్తకాల్లో రాసుకున్న కథలు పుస్తకంగా వస్తున్నాయి. ముద్రణ నాది. అట్ట బొమ్మ మా అమ్మాయిది. దాని వృత్తే అది.

అట్ట మీద వాళ్ళమ్మ ఫొటో వేయమన్నాను. ఉన్నది ఒక్కటే, నా పక్కన నిలబడి తీయించుకున్నది. అమ్మాయి వినలేదు. నిలువుగా నీలం పలక, పక్కన ఎర్రటి గుండ్రం. అంతే గీసింది. నమూనా నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఒక్క చూపు చూసి బోర్లించాను.

బైండింగు చేసే మా బావమరిది ఎత్తి చూశాడు.

"బావా, పళ్ళెం, పలకా ఉన్నాయి. లోపల వంటలా, పాఠాలా?"

"నోరు మూసుకుని సూదిలో దారం ఎక్కించు."

"అక్కకి ఎరుపంటే ఇష్టంలే."

ఆ సంగతి నాకు తెలియదు.

అట్ట అచ్చు కొట్టే రోజు కాలు ఒకచోట నిలవలేదు. తుడిచిన రోలర్లే మళ్ళీ తుడిచాను. ముందురోజు కొట్టిన నీలం ఆరి ఉంది. ఎరుపు ఎక్కించాను. మొదటి కాగితం బయటికి రాగానే నీలానికీ ఎరుపుకీ మధ్య తెల్ల సందు కనిపించింది, బియ్యపు గింజంత. తెల్ల సందు కనబడితే నా చేయి దానంతటదే మర మీదికి పోతుంది. ముప్పై ఏళ్ళ అలవాటు. రంగుకు రంగు అతకకపోతే అది పనివాడి తప్పు. ప్లేటు జరిపాను. గుండ్రం వెళ్ళి పలకను తాకింది. అయిదు వందలు కొట్టేశాను.

మధ్యాహ్నం అమ్మాయి వచ్చి ఒక కాగితం వెలుతురుకు పట్టుకుంది.

"సందేది నాన్నా?"

"తప్పుంటే సరిచేశాను."

"తప్పు కాదు, నేను పెట్టిందే. నమూనా చూళ్ళేదా?"

"సందెందుకు?"

"నీలం నువ్వు, ఎరుపు అమ్మ. నువ్వు కుర్చీలో, అమ్మ గడప మీద. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. ఒక్కసారన్నా ఇలా వచ్చి కూర్చో అన్నావా?"

"ఫొటోలో పక్కనే ఉందిగా."

"ఫొటోగ్రాఫరు జరగమన్నాడు, జరిగింది."

బావమరిది సూది వంక చూస్తూ కూర్చున్నాడు. ఎక్కిన దారం తీసి మళ్ళీ ఎక్కించాడు.

ప్లేటు వెనక్కి జరిపాను. కొత్త కాగితం పెట్టి మళ్ళీ నీలం కొట్టాను. అది ఆరేదాకా యంత్రం చుట్టూ తిరిగాను. కూర్చోమని ఎవరూ అనలేదు.

మర్నాడు ఎరుపు పడ్డాక కాగితం చేతిలోకి తీసుకుని చూశాను. పలక మొండిగా నిలుచుంది. గుండ్రం ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపోయేలా ఉంది. అతికినప్పుడు రెండూ కలిసి ఒక ముద్ద. విడిగా ఉంటే ఎరుపు మండుతోంది, నీలం లోతు పెరిగింది. కన్ను ఎటు తిరిగినా ఆ తెలుపు దగ్గరికే వచ్చి ఆగుతోంది. మంచి పని. ఆ మాట అమ్మాయితో అనలేదు.

అది నిన్న సందు లేకుండా కొట్టిన అట్టల కట్ట దగ్గర నిలబడి ఉంది.

"వీటిలో ఒకటి నేనుంచుకుంటా నాన్నా."

"కుదరదు."

"ఒక్కటే."

"తప్పు ముద్ర నా గడప దాటదు."

కట్టను కటింగు మిషను కింద పెట్టి, గుండ్రం పలకను తాకిన చోటే కోశాను.