ఎర్రబడిన ఫ్లాస్కులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉండనివ్వండి. రెండువేల ఆరు ఎండాకాలంలో మాత్రం ఆ కోపానికి కారణం ఉంది. బందరు వైపు ఉప్పు మడుల్లో బతికే ఒక బ్యాక్టీరియా పైపొరలో ఓ ప్రొటీన్ ఉంది. వెలుతురు పడితే చాలు, అది పనిలోకి దిగి కణంలోని ఆమ్లాన్ని బయటికి తోడేస్తుంది. దాని ఆకారం కనిపెట్టాలని నా పంతం. అందుకు ఆ ప్రొటీన్ బోలెడంత కావాలి. ఉప్పు మడి బ్యాక్టీరియా ల్యాబులో పెరగనని మొండికేసింది. అందుకని దాని జన్యువును ఈ. కోలి అనే మామూలు బ్యాక్టీరియాలో పెట్టి, దాని చేత చేయిస్తున్నాను.

చేస్తోంది, కానీ కంగారుకంగారుగా చేస్తోంది. పొరలో కుదురుగా కూర్చోవలసిన ప్రొటీన్ కణం లోపలే ముద్దలు కట్టి పడి ఉంటోంది. ముద్దకి ఆకారమూ లేదు, పనీ లేదు. చల్లగా ఉంచితే కణం నిదానిస్తుందని నాకు తెలుసు. మా కాలేజీలో ఫ్లాస్కుల్ని ఊపే షేకర్‌కేమో వేడిచేయడమే వచ్చు. మే నెల బెజవాడలో గదులే కాగిపోతుంటే చల్లదనం ఎక్కణ్ణుంచి తేను? ఈ సెలవులు అయ్యేలోగా ప్రొటీన్ పొరలో కూర్చోకపోతే దీన్ని వదిలేసి వేరే టాపిక్ తీసుకోమన్నారు మా పీహెచ్‌డీ గైడు వెంకటకృష్ణారావు గారు. ఆయన మెత్తగానే అన్నారు. నాకు మాత్రం ఏళ్ల తరబడి పడ్డ పాట్లు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

భవానీపురంలో మా అబ్బాకి, అంటే నాన్నకి, అరటిపళ్లు మగ్గపెట్టే చల్లగది ఉంది. షేకర్ అక్కడ పెట్టుకుంటానంటే, పళ్ల మధ్య క్రిముల్ని పెంచుతావా అని అంతెత్తున లేచారు. ఇవి బయట బతకలేని బలహీనపు రకమని, ఫ్లాస్కుల మూతులకు దూది బిగిస్తానని గడ్డం పట్టుకుని బతిమాలాను. గొణుక్కుంటూనే ఓ మూల చోటిచ్చారు.

సాయంత్రం షేకర్‌ను అక్కడికి చేర్చి, ప్రొటీన్ తయారీ మొదలుపెట్టించే మందు కణాలకు వేసి, రెటినాల్ కూడా కలిపాను. మన కంట్లో వెలుతురును పట్టే పదార్థమే అది. ప్రొటీన్ సరిగ్గా మడతపడి పొరలో కూర్చుంటేనే రెటినాల్‌ను తనలో ఇముడ్చుకుంటుంది. అప్పుడు కణాలు గులాబీ రంగు తిరుగుతాయి. ముద్దకడితే రంగు రాదు. అన్నాళ్లుగా నేను చూస్తున్నది గంజి రంగే.

మర్నాడు ఉదయం వెళ్లేసరికి షేకర్ మీద ఒక్కటే ఫ్లాస్కు ఉంది. తక్కినవి బయట కుళాయి దగ్గర శుభ్రంగా కడిగి బోర్లించి ఉన్నాయి. పళ్లు ఏరే ఆదెమ్మ నాకేదో మేలు చేసినట్టు ఎదురొచ్చింది. చెడిన పండు కనబడితే ఎవర్నీ అడక్కుండా తీసి పారేయడం ఆ గదిలో ఆమె హక్కు. దానికి అబ్బా కూడా అడ్డు చెప్పరు.

“రాత్రి బానే ఉన్నయ్యమ్మా. పొద్దున చూస్తే ఎర్రబడి కంపు కొడతన్నయ్యి. కుళ్లిపోయినయ్యని కాలవలో పారబోశా. ఆ ఒక్కటీ అంత ఎర్రబడలా, నువ్వొచ్చి చూసుకుంటావని ఉంచా.”

ఆమెను తిట్టడానికి నోరు తెరిచాను. ఎర్రబడ్డాయా?

కాలవ దగ్గరికి పరుగెత్తాను. దాని చివర సిమెంటు గుంటలో నీళ్లు నిలిచి ఉన్నాయి, లేత గులాబీ రంగులో. అందులో లెక్కకందనన్ని కణాలు, ఒక్కోదాని పొరలో వేలకొద్దీ ప్రొటీన్లు, ప్రతిదీ తన మడతలు తానే పెట్టుకుని, తన చోటు తానే వెతుక్కుని కూర్చుంది. ఎవరూ దగ్గరుండి నేర్పలేదు. ఒక్కో కణం తనది కాని జన్యువును చదువుకుని, ఒక పరాయి ప్రాణి వెలుతురును పట్టే పరికరాన్ని తన ఒంట్లో నిలబెట్టుకుంది. యా అల్లా అనుకున్నాను.

అయితే జన్యువు మార్చిన కణాల్ని అలా వదిలేయకూడదు. బ్లీచింగ్ పౌడర్ కలిపి నా చేత్తో నేనే పోశాను. గులాబీ రంగు పాలిపోయి, తెల్లబడి, పోయింది. మొట్టమొదటిసారి కుదిరినదాన్ని నేనే చంపాల్సి వచ్చిందని కళ్లనీళ్లు ఆగలేదు. ఆదెమ్మ బిక్కచచ్చిపోయి, ఏం తప్పు చేశానమ్మా అంటూ నా పక్కన కూలబడింది.

“అవి కుళ్లలేదు పిన్నీ,” అన్నాను. “పండాయి.”

మిగిలిన ఫ్లాస్కును ఒళ్లో పెట్టుకుని ఆటోలో కాలేజీకి వెళ్లాను. మధ్యాహ్నానికి అదీ రంగు తేలింది. కణాల్ని కడిగి ఉప్పునీళ్లలో కలిపి, కిటికీలకు నల్లగుడ్డ కట్టి, పీహెచ్ మీటరు పెట్టాను. వెంకటకృష్ణారావు గారు లైటు వేశారు. మీటరులో అంకె మెల్లగా దిగడం మొదలైంది. ఆమ్లం బయటికి వస్తోంది. లైటు తీశారు, అంకె మళ్లీ పైకెక్కింది. వేశారు, దిగింది. మేము వెలుతురు చూపిస్తున్నాం, గాజు గిన్నెలోని ఆ ప్రాణులు బదులు చెబుతున్నాయి.

ఆకారం కనిపెట్టాలంటే ఇది చాలదని, ఇలాంటివి ఎన్నో ఫ్లాస్కులు కావాలని ఇద్దరికీ తెలుసు.

“మీ నాన్నగారిని ఆ గది ఈ ఎండలు తగ్గేదాకా ఇమ్మని నేనొచ్చి అడుగుతానమ్మా,” అన్నారు సార్, మీటరు మీంచి చూపు తిప్పకుండానే.

నేను వినిపించుకోలేదు. “మళ్లీ లైటు వేయండి సార్,” అన్నాను.