ఎర్ర తాళం

భూషణం బొటనవేలిని తడిగుడ్డలో పెట్టి వీరాంజనేయులు రుద్దుతున్నాడు. ఐసుగడ్డలు మోసీ మోసీ ఆ వేలి మీద గీతలు చెరిగిపోయాయి. గిలకలదిండి హార్బరులో ఎవరి వేలు చూసినా అంతే. కొందరివి వలతాళ్లు అరగదీశాయి, కొందరివి ఉప్పునీళ్లు తినేశాయి. హాజరు తీసుకునే వేలిముద్రల యంత్రానికి ఆ సంగతి అక్కర్లేదు. అరిగిపోయినవాడు దాని లెక్కలో మనిషే కాడు.

"మెల్లగా బావా, తోలు ఊడొచ్చేట్టుంది."

"ఊడనీ. కొత్త తోలునైనా ఒప్పుకుంటుందేమో చూద్దాం."

మూడోసారికి యంత్రంలో పచ్చదీపం వెలిగింది. భూషణం వేలు విదిలించుకుంటూ ఐసు బండి దగ్గరికి వెళ్లిపోయాడు.

వీరాంజనేయులుకి యాభై నాలుగేళ్లు. పదో తరగతి పూర్తిచేయలేదు. ఇదే గదిలో పదిహేనేళ్లు వేటకెళ్లేవాళ్ల పేర్లు కలంతో రాశాడు. కంప్యూటరు వచ్చినప్పుడు ఆయన్ని ఉంచాలని ఎవరూ అనుకోలేదు. తీసెయ్యాలని ఎవరికీ గుర్తురాలేదు. అలా ఉండిపోయాడు. గోడలకి ఉప్పు పొక్కులు లేస్తాయి, ఫ్యాను తిరిగినప్పుడల్లా సున్నం భుజాల మీద రాలుతుంది. దులుపుకోవడం ఎప్పుడో మానేశాడు. పొద్దున్నుంచీ ఎడమచెయ్యి గుంజుతోంది. గ్యాసు అనుకుని ఒక మాత్ర మింగాడు.

కంప్యూటరులో వేటగాళ్లకీ, హార్బరులో పనిచేసేవాళ్లందరికీ తలా ఒక పేజీ ఉంది. అది తెరిచి చూసే హక్కు బందరులో పై ఆఫీసుకే. గుమాస్తాకి లేదు. అయినా వెబ్ అడ్రసు చివర వాళ్ల కార్డు నంబరు కొడితే ఒక విషయం మాత్రం తెలిసేది. పేజీ ఉంటే ఎర్ర తాళం బొమ్మ వచ్చి, కింద 'మీకు అనుమతి లేదు' అని ఉండేది. లేకపోతే తెల్లటి తెర మీద 'ఇలాంటి పేజీ లేదు' అని వచ్చేది. చనిపోయాడని రాసినవాళ్ల పేజీలు తీసేస్తారు కనక వాళ్లకీ తెల్ల తెరే.

మూడేళ్ల క్రితం కోటమ్మ కొడుకు నాగబాబు వేటకెళ్లి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. కోటమ్మ వచ్చి పోరుపెడుతుంటే విసుగెత్తి, నంబరు కొట్టి తాళం చూపించాడు. "ఉన్నవాడికే అక్కా తాళం వేస్తారు. లేనివాడికి తాళమెందుకు?" అన్నాడు. ఆ పూటకి వదిలించుకుందామని అన్న మాట అది. శవం దొరకలేదు కనక పేరు తీయలేదు, అంతే. కోటమ్మకి చదువు రాదు, తాళం గుర్తుపట్టడం వచ్చు. అప్పట్నించీ ప్రతి శుక్రవారం వచ్చి ఆ తాళాన్ని చూసి వెళ్తోంది. దినం చెయ్యలేదు. కోడలు సునీత మెళ్లో పుస్తెలు తీయనివ్వలేదు. సునీతకి ఇరవై ఆరేళ్లు. రొయ్యల షెడ్డులో తలలు తీస్తుంది. కోడూరు నుంచి ఒక సంబంధంవాళ్లు మూడుసార్లు కబురంపారు, ఈ ఆదివారం దాకా చూస్తామన్నారు.

ఇవాళ శుక్రవారం.

తొమ్మిదింటికి ఆ ప్రోగ్రాం చూసే ధనుంజయ్ ఫోన్ చేశాడు. "మార్చేశామండీ. పేజీ ఉన్నదీ లేనిదీ బయటివాళ్లకి తెలిసిపోతోంది కదా. ఇక అనుమతి లేకపోయినా, అడ్రసు తప్పయినా ఒకటే జవాబు. పేజీ లేదు అని."

"ఉన్నవాడు కూడా లేడనేనా బాబూ?"

"మీ వరకూ లేనట్టేనండీ. సెక్యూరిటీ."

"మరి ఎర్ర తాళం?"

"ఆ బొమ్మే తీసేశామండీ. మొత్తం కోడ్‌లో ఎక్కడా లేదు."

వీరాంజనేయులు తన నంబరు కొట్టాడు. తెల్ల తెర. భూషణానిది కొట్టాడు. తెల్ల తెర. కిటికీలోంచి చూస్తే భూషణం గడ్డ పగలగొడుతున్నాడు. సమ్మెట లేస్తోంది, పడుతోంది. ఎందుకోగాని చప్పుడు వినపడలేదు. వేలంపాట కేకలు కూడా లేవు. హార్బరంతా అద్దం అవతల ఉన్నట్టుంది.

పోనీలే, ఒకందుకు మంచిదే అనుకున్నాడు. తన నోటితో చెప్పలేని మాట ఈ ముండమోపి యంత్రమే చెబుతుంది.

నాగబాబు నంబరు కొట్టాడు.

ఎర్ర తాళం వచ్చింది. 'మీకు అనుమతి లేదు.'

పాతది మిగిలిపోయిందేమోనని హిస్టరీ అంతా చెరిపాడు. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టాడు. మిగతా అందరికీ తెల్ల తెర, నాగబాబుకి తాళం. ధనుంజయ్‌కి ఫోన్ చేస్తే, "వీల్లేదండీ, లేని బొమ్మ ఎక్కణ్నుంచొస్తుంది? వేరే ఏదో చూసుంటారు," అని నవ్వాడు. ఫోన్ పెట్టి చూస్తే వేలిముద్ర గాజు మీద తడి ఉంది. తుడిచాడు. కాసేపటికి మళ్లీ తడి.

పదకొండింటికి కోటమ్మ వచ్చింది. చేపల బుట్ట గుమ్మం బయటే పెట్టి, చేతులు చీరకి తుడుచుకుంది. ఆమె వెనక సునీత కూడా వచ్చింది. ఎప్పుడూ రాదు. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది, వేళ్లు రొయ్యల ముళ్లకి వాచి ఉన్నాయి.

"ఇయ్యాల దీన్ని కూడా తీసుకొచ్చా తమ్ముడూ. దాని కళ్లతో అదే చూసుకుంటది. తాళం ఉందంటే కోడూరోళ్లని రావద్దంటా. లేదంటే గడ్డిబొమ్మకి వాడి చొక్కా తొడిగి దినం చేసేస్తా. నువ్వు చెప్పిందే మాట."

తెర మీద తాళం ఎర్రగా ఉంది. వీరాంజనేయులు తెరని గోడవైపు తిప్పాడు.

"అటు తిప్పావేం?"

"ఎండ పడుతోందక్కా."

ఆ గదిలో ఎండ పడదు. సునీత ఆయన్నే చూస్తోంది. మూడేళ్లుగా ఒకే చోట నిలబడ్డ మనిషిలా ఉంది.

"లేదక్కా," అన్నాడు. "తాళం లేదు. నాగబాబు లేడు."

కోటమ్మ నెమ్మదిగా, "మూడేళ్లు ఉన్నాడుగా," అంది. "ఉన్నన్నాళ్లు చూపించావు. నీ పుణ్యం." కోడలి భుజం పట్టుకుని నడిచింది. బుట్ట సునీత ఎత్తుకుంది.

వాళ్లు మలుపు తిరిగాక తెర ఇటు తిప్పి, నాగబాబు నంబరు మళ్లీ కొట్టాడు.

'ఇలాంటి పేజీ లేదు.'

హమ్మయ్య అనబోయాడు. ఎడమచేతి నొప్పి భుజం దాకా పాకింది. ఎందుకు కొట్టాడో తెలియదు, తన నంబరే కొట్టుకున్నాడు. తాళం వచ్చింది. పొద్దున చూసిన ఎరుపే. 'మీకు అనుమతి లేదు.'

"ఓసి దీన్ని తగలెయ్య," అనుకున్నాడు. "నా పేజీ నేను చూసుకోడానికా?"

తడిగుడ్డలో తన బొటనవేలు పెట్టి రుద్దుకున్నాడు. ఊరందరి వేళ్లూ రుద్ది రుద్ది తన వేలూ నున్నబడిపోయింది. ఇన్నేళ్లలో చూసుకోలేదు. గాజు మీద పెడితే మొదటిసారికే పచ్చదీపం వెలిగింది. కాసేపు కళ్లు మూసుకుందామని తల బల్ల మీద ఆనించాడు.

నాలుగింటికి భూషణం వేలు తుడుచుకుంటూ వచ్చి, "బావా, మళ్లీ రుద్దాలి," అన్నాడు. రెండోసారి పిలిచాక భుజం మీద చెయ్యి వేశాడు. భుజం మీద సున్నం మందంగా పేరుకుని ఉంది. తెర ఆరిపోయింది.

మనుషులు వచ్చి ఆయన్ని ఎత్తుకెళ్లాక బల్ల మీద గుడ్డ ఒక్కటే మిగిలింది. ఫ్యాను గాలికి చుట్టూ అంచులు ఎండిపోయాయిగానీ, నడుమ బొటనవేలంత గుంట మాత్రం ఇంకా తడిగానే ఉంది.