మర్యేత కిటికీ రంగు

సిల్వో బూట్లపైన తొడుక్కునే ఉన్నిజోళ్లను బెంచీ కింద జతలు జతలుగా సర్దుతున్నాడు. యూరప్ దేశాలన్నీ తలా ఇంత వేసుకుని కాలేజీ పిల్లలకు అణువిద్య నేర్పించే చోటది. అక్కడ మొదటి పాఠం ఉన్నిజోళ్లు తొడుక్కోవడం, ఆ పాఠానికి గురువు సిల్వో. పోర్చుగల్ పిల్లలు కుడిది ఎడమకు తొడుగుతారు. ఫిన్లాండ్ వాళ్లు సరిగ్గా తొడిగి మరీ క్షమించమంటారు. హంగేరీ పాదాలకు సరిపోయే జోడు ఇంకా ఎవరూ కుట్టలేదు.

ల్యుబ్ల్యానా నగర శివార్లలోని ఆ చిన్న అణు రియాక్టరులో చేరినప్పుడు అతని మీసం నల్లన. ఇప్పుడది పిండిలో ముంచి తీసినట్టుంది. నడుం వంగింది. కుడి బొటనవేలు మాత్రం స్విచ్చు నొక్కీ నొక్కీ పలకలా చదునైంది.

అతని రెండో పని దీపాలార్పడం. శిక్షణ చివరి రోజున పిల్లలు ఇనుపమెట్లెక్కి నీళ్లతొట్టి చుట్టూ నిలబడతారు. హాలు చీకటైతేనే అడుగున అణు ఇంధనం చిమ్మే నీలం వెలుగు కనిపిస్తుంది. ఎవరైనా తూలితే వెంటనే దీపాలు వెయ్యాలి కాబట్టి స్విచ్చు దగ్గరి మనిషి కదలకూడదు. స్విచ్చేమో కింద, తలుపు పక్కన. అక్కడి నుంచి కనబడేది తొట్టి గోడ.

అందుకే సిల్వో ఆ వెలుగును ఒక్కసారీ చూడలేదు. చూడనివాడికి వర్ణించడం సులువు. ఆ వెలుగులో సూదికి దారం ఎక్కించవచ్చనేవాడు. రెండో బీరు పడ్డాక, దాన్ని చూసిన కోడి నీలం గుడ్డు పెట్టిందనేవాడు. భార్య మర్యేత అంతా నమ్మి, వంటింటి కిటికీ రెక్కలకు అదే రంగు వెయ్యమంది. కొట్లో చేతికందిన నీలం డబ్బా కొనుక్కొచ్చి వేశాడు. బతికినన్నాళ్లూ ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆమె ఆ కిటికీ చూపించింది.

ఇప్పుడు ఆమె లేదు. ఇవాళ అతనికి ఉద్యోగంలో చివరి రోజు. రేపటి నుంచి స్విచ్చు పైనే ఉంటుంది, కింద మనిషి అక్కర్లేదు.

ఒకప్పుడు ఇక్కడే ఉన్నిజోళ్లు తొడుక్కున్న వెస్నా ఇప్పుడు పాఠాలు చెప్పే డాక్టరు. ఆమె వచ్చి స్విచ్చు మీద చెయ్యి వేసింది.

"ఈసారి నేనుంటా. నువ్వెక్కు మావయ్యా."

"మోకాళ్ల నొప్పులమ్మాయ్."

"నిన్న బస్సు వెనక పరిగెత్తినవి ఎవరి మోకాళ్లు?"

సిల్వో భయం మోకాళ్ల గురించి కాదు. రంగు తేడా వస్తే, మర్యేతకు చెప్పుకునే వీలు కూడా లేదు.

అయినా ఎక్కాడు. పిల్లలు జరిగి చోటిచ్చారు. దీపాలారాయి.

లోతున నీలం. మంట లేదు, మిణుకు లేదు. ఎవరో నీళ్లడుగున దీపం పెట్టి మరిచిపోయినట్టుంది. సూదికి దారం ఎక్కేంత వెలుగేం కాదు. పిల్లలు కాళ్లు మార్చి మార్చి నిలబడ్డారు. దీపాలు వెయ్యనా అని వెస్నా కిందనుంచి రెండుసార్లు అడిగింది.

"ఉండమ్మాయ్."

తొట్టి అంచు పట్టుకుని ఇంకాస్త వంగి చూశాడు.

"రంగు తేడాగా ఉంది."

కిటికీ సంగతి వెస్నాకూ తెలుసు. "తప్పెవరిది మావయ్యా?"

"ఇక్కడిదే. మర్యేత కిటికీ సరిగ్గానే ఉంది. మీరే ఎప్పుడైనా సరిచేసుకోండి." ముక్కు ఎగబీల్చాడు. "ఇక వెయ్యి."

తను తెచ్చిన వాల్‌నట్ రొట్టె అందరికీ కోసి పెట్టి, చివరి ముక్క తను తిని, ఎప్పుడూ ఎక్కే బస్సుకే వెళ్లిపోయాడు.

స్విచ్చు కింద అతను విప్పి వెళ్లిన ఉన్నిజోళ్లు ఉన్నాయి. ఇన్నేళ్లూ గోడకేసి ఉండే వాటి ముందువైపు ఇవాళ మెట్లకేసి తిరిగి ఉంది.