గట్టి రాయి మాట

నేను ఒక ఇసుకరాయి కడ్డీని. జానెడు పొడవు, గుప్పిట్లో పట్టేంత లావు. కోట్ల ఏళ్లు బొగ్గుపొర నెత్తిన పడుకుని, నా మీదున్న నేలంతా మోస్తూ హాయిగా ఉండేదాన్ని. మనుషులు కింద బొగ్గు తవ్వి సొరంగాలు చేశాక నాకు పైకప్పని పేరు పెట్టారు. ఆ కప్పు ఎంత బరువు ఆపుతుందో మాత్రం వాళ్లకు తెలియదు.

అది తేల్చడానికి మంజీర వచ్చింది. రాళ్ల బలం పరీక్షించే ఇంజనీరు. పైకప్పులోకి డ్రిల్లు ఎక్కించి నన్ను బయటికి లాగించింది. నాతో వచ్చిన పలకరాళ్లు దారిలోనే బిస్కెట్లలా విరిగాయి. అందరినీ ఒకే చెక్కపెట్టెలో పడుకోబెట్టారు. ఆ ముక్కల పక్కన పడుకోవడం నాకు నామోషీగా ఉండేది.

ల్యాబులో నా రెండు చివరలూ నున్నగా అరగదీసి, పైనుంచి నొక్కి విరిచే ప్రెస్సులో నిలబెట్టారు. గని మేనేజరు రాజలింగం గారు పనిగట్టుకుని చూడడానికొచ్చారు. నాలుగు సొరంగాలు కలిసే కూడలిని వెడల్పు చేస్తే బొగ్గు ఎక్కువ వస్తుందని ఆయన ఆశ. ఆయనకూ పైనుంచే ఒత్తిడి, నాకూ పైనుంచే ఒత్తిడి. పళ్లు బిగించి నిలబడ్డాను. బరువు చూపే ముల్లు ఎక్కుతూ ఎక్కుతూ పోయింది. చివరికి ఢామ్మని ఏటవాలుగా రెండు ముక్కలయ్యాను.

"ఏం రాయి మేడం! ఉక్కు గదా! రేపే పని మొదలువెడ్తం," అన్నారు రాజలింగం.

విరిగినా పొంగిపోయాను.

"వద్దు సార్," అంది మంజీర, పలక ముక్కలున్న పెట్టె ఆయన ముందుకు జరుపుతూ. "ఇది విరగకుండ వచ్చింది గనకనే పరీక్షకు నిలబెట్టినం. వీటిని నిలబెట్టుడే కాలేదు. మీ మనుషుల నెత్తిమీద ఇవి కూడా ఉన్నయి గదా."

ఆయన ముఖం గంటు పెట్టుకున్నారు. "పని ఆగితే నన్ను తిడ్తరు మేడం."

"తిట్టనియ్యండి. బోల్టులు కొట్టి కప్పును గట్టిచేసేదాక కూడలిలోకి ఎవ్వర్నీ పంపకండి."

రాజలింగం ఒక పలక ముక్క తీసుకుని నలిపారు. అది వేళ్ల మధ్యే పొడి అయింది. ఆయన తెల్లచొక్కాకు చెయ్యి తుడుచుకుని ఫోను తీశారు. "కూడలి కాడ ఉన్నోళ్లందర్నీ బయటికి రమ్మను. ఇప్పుడే."

ఆ వారంలోనే అక్కడి కప్పు కూలింది. లారీకి పట్టనంత రాయి. కింద ఎవరూ లేరు. ఎవరో మరిచిన టిఫిను డబ్బా మాత్రం అప్పడమైంది.

నాలో సగం ముక్కను రాజలింగం అడిగి తీసుకెళ్లారు. ఇప్పుడు ఆయన బల్ల మీదుంటాను. తొందరపడే ఆఫీసరు ఎవరైనా వస్తే నన్ను వాళ్ల చేతిలో పెడతారు.

"చాన గట్టి రాయి ఇది," అంటారు. "దీని మాట నమ్మకు."